ఉత్తరపు వరస మంచాలు

మా సంఘంలో ఈ ఏడాది నలుగురు ఆడపిల్లలు నర్సింగులో చేరారు. వాళ్లకోసం రెండు మాటలు రాసివ్వమని పాస్టరమ్మ గారు అడిగారు. రెండు మాటలంటే సేవ, సహనం లాంటివి అని ఆవిడ ఉద్దేశం అయ్యుంటుంది. అవి ఆ పిల్లల పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి నువ్వేం నేర్చుకున్నావు అంటే మాత్రం నాకు చెప్పడం కష్టమే. నేర్చుకున్నవి కొన్ని, ఇప్పటికీ అర్థం కానివి చాలా. అందుకని ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయిందో, హెడ్ నర్సుని ఎప్పుడయ్యానో అవేవీ రాయడం లేదు. నేను మొదట చేరిన పెద్దాసుపత్రి గురించి, అక్కడి కంటి వార్డు గురించి, ఆ వార్డులో నేను చేసిన ఒక పని గురించి రాస్తాను. ఆసుపత్రి పేరు చెప్పను. తప్పు నాది, ఆ గోడలది కాదు.

దారి చెప్పడం

మాది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. మిషను ఆసుపత్రిలో ట్రైనింగ్ అయి, యాభైల చివర్లో ఆ పెద్దాసుపత్రిలో చేరాను. బందరు చుట్టుపక్కల వాళ్లు, గుడివాడ వైపు వాళ్లు, కృష్ణ దాటి దివిసీమ వాళ్లు అందరూ అక్కడికే వచ్చేవాళ్లు. మొదటి నెలంతా రోగులు నన్ను దారి అడిగేవారు. నేను ఇంకొకరిని అడిగి వాళ్లకు చెప్పేదాన్ని. చీటీ రాసేది ఒకచోట, డాక్టరు చూసేది ఒకచోట, మందు పోసేది మరోచోట. మందుకి ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. ఆ సంగతి మందుల గది కిటికీ దాకా వరసలో నిలబడి వెళ్లాక గానీ ఎవరూ చెప్పేవారు కాదు. గిలకలదిండి నుంచి చంటిపిల్లతో వచ్చిన ఒకావిడ సీసా లేదని కిటికీ దగ్గర్నుంచి వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, ఇందులో పొయ్యండి అని కొంగు పట్టింది. కాంపౌండరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడకి మా ఇద్దరి నవ్వూ అర్థం కాలేదు.

మేం దారి చెప్పే పద్ధతి కూడా వాళ్లకు అందేది కాదు. "ఎడమ చేతి పక్కకి తిరిగితే మూడో గది" అనేవాళ్లం. మా వైపు పల్లెల్లో ఎడమా కుడీ అని ఎవరు చెబుతారు? ఇంట్లో చెంబు ఎక్కడుందంటే తూర్పు గదిలో అంటారు. బంతి భోజనంలో పక్కవాణ్ణి కాస్త దక్షిణంగా జరగమంటారు. పొలం, కాలవ, గట్టు అన్నిటికీ దిక్కులే గుర్తు. అలాంటి మనిషిని ఎండ కనపడని వసారాల్లో నాలుగు మలుపులు తిప్పి ఎడమ పక్కకి వెళ్లమంటే అతను ఎటూ వెళ్లడు, ఉన్నచోటే నిలబడిపోతాడు. మేం అతన్ని మొద్దు అనుకునేవాళ్లం. నేనూ ఆ పల్లెల్లోంచే వచ్చాను. అయినా నెల తిరక్కుండానే నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను.

అన్నిటికీ ఆఁ అండీ

పెద్దాసుపత్రిలో అడుగుపెట్టిన మనిషి తెల్లబట్టల వాళ్లు ఏమడిగినా ఆఁ అండీ అంటాడు. ఇది ఎవరూ మాకు నేర్పలేదు. ఒక చల్లపల్లి ఆవిడ నేర్పింది.

ఆడవాళ్ల వార్డులో ఖాళీ మంచం మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఆ మంచానికి ఆ రోజు నాగేశ్వరమ్మ అనే రోగి రావాలి. "నాగేశ్వరమ్మ మీరేనా?" అన్నాను. ఆఁ అండీ అంది. పడుకోమంటే పడుకుంది. జ్వరం చూశాను, లేదు. మిక్చరు పోస్తే మొహం చిట్లించుకుని తాగింది. మధ్యాహ్నం పాలూ రొట్టే ఇచ్చాను, తింది. సాయంత్రం డాక్టరు గారు వచ్చి పొట్ట నొక్కి, నొప్పి ఎక్కడని అడిగితే అప్పుడు నోరు విప్పింది. ఆవిడ రోగి కాదు. పక్క వార్డులో కాన్పయిన చెల్లెల్ని చూడ్డానికి వచ్చి, చూసే వేళ కాలేదని ఎవరో అంటే కాసేపు కూర్చుంది. అసలు నాగేశ్వరమ్మ పొద్దుటినుంచీ వసారాలో మూట మీద తల ఆనించుకుని, పొట్ట పట్టుకుని, ఎవరైనా పిలుస్తారని చూస్తూ ఉంది.

ముందే ఎందుకు చెప్పలేదని చల్లపల్లి ఆవిణ్ణి అడిగాను. "మీరు పడుకోమన్నారు కదండీ. చూడ్డానికి వచ్చిన వాళ్లకి కూడా ఇలాగే చేస్తారేమో అనుకున్నాను" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నన్ను ఆటపట్టించనూ లేదు. ఇక్కడి పద్ధతి ఏమిటో తనకు తెలియదు, మాకు తెలుసు అనుకుంది, అంతే. నర్సులందరికీ పైఅధికారి అయిన మేట్రన్ గారు నన్ను పిలిచి పెట్టిన చీవాట్లు న్యాయమైనవే. అప్పట్నుంచి మీరేనా అని అడగడం మానేసి, మీ పేరేంటి అని అడగడం అలవాటు చేసుకున్నాను. పిల్లలూ, మీరూ అలాగే అడగండి. ఆఁ అండీ అన్నంత మాత్రాన ఆ మనిషికి మన మాట అర్థమైందని అనుకోకండి.

కంటి వార్డు

ఏడాది తిరిగాక నన్ను మగవాళ్ల కంటి వార్డులో వేశారు. అది తూర్పు పడమరలుగా పొడుగాటి గది. ఉత్తరపు గోడకి ఆనించి ఒక వరస మంచాలు, దక్షిణపు గోడకి ఆనించి ఒక వరస, మధ్యలో నడిచే దారి. రోగుల తలలు గోడవైపు ఉండాలి, కాళ్లు దారివైపు ఉండాలి. అంటే దక్షిణపు వరస వాళ్ల తలలు దక్షిణానికి, ఉత్తరపు వరస వాళ్ల తలలు ఉత్తరానికి.

ఉత్తరానికి తల పెట్టి పడుకోవడమంటే మా వైపు ఎంత భయమో ఈ కాలం పిల్లలకి తెలుసో లేదో. "ఉత్తరం తల పెట్టుకున్న ఏనుగుకే తల తెగిందమ్మా, మేమెంత" అని ఒక రైతు నాకు చాలా ఓపిగ్గా నచ్చజెప్పాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు రోగి మొహం కంటే ముందు తల ఎటుందో చూసేవారు. సాయంత్రం నాలుగింటికి గంట కొట్టి వాళ్లని లోపలికి వదిలేవాళ్లం. ఆరింటికి మళ్లీ గంట కొట్టేసరికి ఉత్తరపు వరసలో సగం తలలు దారిలోకి తిరిగి ఉండేవి. ఆరు దాటగానే మేట్రన్ గారు వార్డులు చూడ్డానికి వచ్చేవారు. ఆవిడ మద్రాసులో చదువుకున్న మనిషి, పనిలో చాలా గట్టి. ఎవరి తలైనా దారిలోకి కనిపిస్తే ఆ వార్డు నర్సుకి ఆ పూట అన్నం సహించేది కాదు. అందుకని గంట కొట్టాక పది నిమిషాలు నా పని తలలు తిప్పడం. కంటి కురుపులకీ కళ్లకలకకీ వచ్చిన వాళ్లయితే ఎన్నిసార్లు తిరిగినా నష్టం లేదు. శుక్లం ఆపరేషన్ అయిన వాళ్లతోనే గొడవంతా.

ఇప్పుడు శుక్లానికి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తున్నారు. అప్పుడు అలా కాదు. ఆపరేషన్ చేశాక రెండు కళ్లకీ కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవాళ్లం. వారం రోజులు అలాగే ఉండాలి. దగ్గకూడదు, తుమ్మకూడదు, నమలకూడదు. కదిలితే కోసినచోట విచ్చుకుని కన్ను పోతుంది. చూపు లేక, కదలిక లేక పడుకున్న మనిషి మొదట అడిగే ప్రశ్న ఆపరేషన్ ఎలా జరిగిందని కాదు, తల ఎటుందని.

ఆ వార్డులో నాకంటే ముందునుంచీ ఉన్న ఒక నర్సు నాకు కిటుకు చెప్పింది. కళ్లకి కట్టు ఉంది కదా, ఎవరడిగినా దక్షిణమని చెప్పెయ్యి, హాయిగా పడుకుంటారు అంది. వార్డులో అందరూ అదే చేసేవారు. నాకూ బాగానే తోచింది. మా నాయనమ్మ బాప్తిస్మం తీసుకుని, ఆదివారం తప్పకుండా ఆరాధనకి వెళ్లి, ఇంటికొచ్చి మంచం మాత్రం తూర్పు తలకే వేసుకునేది. చదువుకున్న రోజుల్లో ఆవిణ్ణి చూసి నాకు సిగ్గేసేది. ఇదంతా పాత చాదస్తం, దీని కోసం నిజం చెప్పి రోగిని బాధపెట్టడమెందుకు అనుకున్నాను. మనసులో కొంచెం గర్వం కూడా ఉండేది.

వీరాస్వామి

వీరాస్వామి కృష్ణ మీద పడవ నడిపే మనిషి. దివిసీమ నుంచి ఇవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే రేవులో నలభై ఏళ్లు గడవేసిన చేతులవి. ఒక కన్ను చిన్నప్పుడే వెదురుపేడు తగిలి పోయింది. రెండో దానికి శుక్లం వచ్చి, ఒడ్డు ఎక్కడో నీళ్లెక్కడో తెలియక పడవ దిగాడు. కూతురు నాంచారమ్మ, అల్లుడు కలిసి తీసుకొచ్చారు. ఉన్నది ఒక్కటే కన్ను. అది బాగైతే మళ్లీ పడవ ఎక్కుతాడు, లేకపోతే కూతురి చెయ్యి పట్టుకుని బతకాలి. ఈ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

ఆపరేషన్‌కి ముందు మూడు రోజులు దక్షిణపు వరసలో ఉన్నాడు. కళ్లు కనపడకపోయినా వార్డులో అందరితో వరసలు కలిపేశాడు. నన్ను అమ్మా అనేవాడు, నేను తాతా అనేదాన్ని. ఆపరేషన్ రోజున అతను లోపలికి వెళ్లాక ఆ మంచం వేరే రోగికి ఇచ్చేశారు. తిరిగి వచ్చేసరికి ఉత్తరపు వరసలో చివరి మంచం ఒక్కటే ఖాళీ. అందులో పడుకోబెట్టి, ఇసుక సంచులు సర్దుతుంటే మెల్లగా అడిగాడు, నా తల ఎటుందమ్మా అని. దక్షిణమే తాతా, నీ పాత మంచమే అన్నాను. సరే అన్నాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. ఈసారి సరే అనలేదు. నిద్రపోయాడనుకున్నాను.

రెండుసార్లు

మూడో రోజు సాయంత్రం చుట్టాలను వదిలాక నేను దుప్పట్ల కోసం స్టోరు గదికి వెళ్లాను. అక్కడ తాళం మనిషి దొరక్క చాలాసేపు పట్టింది. ఆరింటి గంట వినపడ్డాక పరుగున వచ్చాను. వీరాస్వామి తల దారివైపు ఉంది, కాళ్లు గోడవైపు ఉన్నాయి. ఇసుక సంచులు నేను పెట్టినట్టే అటూ ఇటూ పొందిగ్గా ఉన్నాయి. నాంచారమ్మ, ఆవిడ భర్త పక్కన నిలబడి ఉన్నారు. తల కింద చెయ్యి పెట్టి చంటిపిల్లని తిప్పినట్టు తిప్పామండీ, ఒక్క కుదుపు లేదు అని నాంచారమ్మ సంతోషంగా చెప్పింది. వాళ్లిద్దర్నీ కేకలేసి బయటికి పంపేశాను.

వీరాస్వామి అప్పుడు మాట్లాడాడు. "నాకు నిన్నటినుంచే తెలుసమ్మా. ఈ రోజుల్లో సాయంత్రం గాలి దక్షిణాన్నించి గాక ఇంకెక్కణ్ణించి వస్తుంది? అది నా కాళ్లకి తగులుతోంది. పొరపాటున అన్నావేమో అని మళ్లీ అడిగాను. మళ్లీ అబద్ధమే చెప్పావు. ఇంక కదిలితే కన్ను పోద్దన్నావు చూడు, అది కూడా అలాంటిదే అనుకున్నాను."

అతనే మళ్లీ, ఇప్పుడు బాగుంది, ఇంక వారం రోజులు రాయిలా పడుకుంటాను, ఒట్టు అన్నాడు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకు ట్రైనింగులో చెప్పారు. రోగిని ముట్టుకోకూడదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఉంచి డాక్టరు గార్ని పిలవాలి. అది నాకు బాగా గుర్తుంది, అప్పుడూ గుర్తుంది. కానీ పక్క వార్డులో మేట్రన్ గారి గొంతు వినపడుతోంది. వార్డులో మోతపని చేసే ఇద్దరు ఆర్డర్లీలను పిలిచి వీరాస్వామిని మళ్లీ తిప్పించాను. ఒకడు భుజాలు పట్టుకున్నాడు, ఒకడు కాళ్లు పట్టుకున్నాడు, తల నేను పట్టుకున్నాను. వద్దమ్మా, ఇంక నన్ను కదపొద్దు అని వీరాస్వామి రెండుసార్లు అన్నాడు. తర్వాత ఊపిరి బిగబట్టుకున్నాడు. మేట్రన్ గారు వచ్చి వరస చూసి, తలలన్నీ గోడకే ఉన్నాయని తల ఊపి వెళ్లారు.

కట్టు విప్పినప్పుడు

మర్నాడు పొద్దున కన్ను పొడుస్తోందన్నాడు. పెద్ద డాక్టరు గారు వచ్చి కట్టు విప్పారు. కన్నంతా నెత్తురు. కోసినచోట విచ్చుకుంది. లోపలినుంచి ఏది బయటికి రాకూడదో అది వచ్చింది. నాంచారమ్మని సంతకం కోసం లోపలికి పిలిపించారు కాబట్టి ఆవిడ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. నేను ట్రే పట్టుకుని ఇటుపక్క నిలబడి ఉన్నాను.

ఎవరు కదిపారని డాక్టరు గారు అడిగారు. నాంచారమ్మ నోరు తెరిచేలోపే వీరాస్వామి అందుకున్నాడు.

"నేనే తిరిగానండి బాబూ. ఎవరూ నన్ను ముట్టుకోలేదు."

ఆయనకి చాలా కోపం వచ్చింది. అంత నాజూకుగా చేసిన పనిని అయిదు నిమిషాల్లో పాడుచేసుకున్నావు, మీలాంటి వాళ్లకి కళ్లెందుకయ్యా అన్నారు. కేసు షీటులో రోగి చెప్పిన మాట వినలేదని రాశారు. ఆయన మీద నాకిప్పటికీ గౌరవముంది. అంత మంచి చేతి పనితనం నేను మళ్లీ చూడలేదు. కానీ ఆయన రోగి కంటిని తప్ప రోగిని చూసేవారు కాదు. తర్వాత ఒకసారి ఆయన ఇంటికి కాగితాలు తీసుకెళ్లినప్పుడు చూశాను, ఆయన మంచం తల దక్షిణానికే ఉంది.

నేను ఏమీ మాట్లాడలేదు. వీరాస్వామి నన్ను కాపాడాడు అనుకున్నాను. ఆ మాట తలుచుకుని ఆ వారమంతా ఏడ్చాను. ఏడుస్తూనే ఊరుకున్నాను.

అతను ఇంటికి వెళ్లాక గానీ నాకు ధైర్యం రాలేదు. డాక్టరు గారి గదికి వెళ్లి, అతను ఒకసారి తిరిగాడు, రెండోసారి నేనే తిప్పించాను అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "నేను నిన్ను అడగలేదు కదమ్మా. వెళ్లి పని చూసుకో" అన్నారు. బయటికి వచ్చాక నాకు శిక్ష తప్పిందా, ఇదే శిక్షా అన్నది తెలియలేదు. ఇప్పటికీ తెలియలేదు.

నిజం చెప్పడం మొదలుపెట్టాక

ఆ తర్వాత నేను వార్డులో ఎవరికీ దిక్కు అబద్ధం చెప్పలేదు. ఆపరేషన్‌కి ముందే, అయ్యా, మీరు తిరిగొచ్చాక ఫలానా మంచం, తల ఫలానా వైపు ఉంటుంది, వారం రోజులు అలాగే ఉండాలి, ఉండగలరా అని అడిగేదాన్ని. ఇక్కడితో కథ బాగుపడిందని రాయగలిగితే ఎంత బాగుండేది.

చాలామంది కాసేపు తటపటాయించి ఒప్పుకునేవారు. కొందరు ఒప్పుకోలేదు. గుడివాడ వైపు నుంచి ఒక బడిపంతులు గారు వచ్చారు. చదువుకున్న మనిషి, నా మాట శ్రద్ధగా విన్నారు. నిజం చెప్పినందుకు సంతోషం తల్లీ అని, కండువా సర్దుకుని, సంచీ తీసుకుని బయల్దేరారు. దక్షిణపు వరసలో మంచం ఖాళీ అయ్యేదాకా ఆగండి, నాలుగు రోజులు పట్టొచ్చు అన్నాను. కబురు చెయ్యమని వెళ్లిపోయారు. మంచం ఖాళీ అయ్యాక జాబు రాయించాను, ఆయన రాలేదు. ఆయన కళ్లు ఏమయ్యాయో నాకు తెలియదు. అబద్ధం చెప్పి ఉంటే, గాలిని పసికట్టే మనిషి కాదు కాబట్టి, హాయిగా పడుకుని చూపుతో ఇంటికి వెళ్లేవారేమో.

మేట్రన్ గారు పిలిపించారు. నీ వార్డులోంచి రోగులు పారిపోతున్నారట, ఏం చెబుతున్నావు వాళ్లకి అన్నారు. తల ఎటుంటుందో చెబుతున్నానన్నాను. మంచాలు తూర్పు పడమరలుగా వేయించండి, ఏ గొడవా ఉండదు అని కూడా అన్నాను. అలా వేస్తే ఎన్ని మంచాలు తగ్గుతాయో లెక్కేశావా, వాళ్లని ఎక్కడ పడుకోబెట్టను అన్నారు. ఆవిడ మాట కూడా నిజమే. పిల్లలూ, ఇద్దరి మాటా నిజమైనప్పుడు ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు, నేను మీకు చెప్పలేను.

రేవులో

మూడేళ్ల తర్వాత అవనిగడ్డలో కంటి శిబిరం పెట్టారు. ఒక డాక్టరు గారితో పాటు నన్నూ పంపారు. అప్పటికి కృష్ణ మీద వంతెన లేదు. జీపు దాటించే బల్లకట్టు అవతలి ఒడ్డున ఉందంటే, రేవులో తాటాకు పాక కింద నిలబడ్డాను. డాక్టరు గారు జీపు దగ్గరే ఉన్నారు. ఇంకా ఎంతసేపు పడుతుందని ఎవరినో అడిగాను.

పాక గుంజకి ఆనుకుని కూర్చున్న ముసలాయన నా గొంతు విని తల ఎత్తాడు. ఆసుపత్రి అమ్మాయివి కదూ అన్నాడు.

వీరాస్వామి చిక్కిపోయాడు. అల్లుడు పడవ నడుపుతున్నాడట. తను పొద్దున్నే రేవుకి వచ్చి కూర్చుంటాడట, నీళ్ల చప్పుడు వింటే కాస్త ఊపిరాడుతుందన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా చెప్పేశాను. ఆ రోజు నా పేరు బయటపెట్టకుండా నన్ను కాపాడావు, ఆ మేలు మర్చిపోలేదు తాతా అన్నాను.

అతనికి నా మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంచెం ఇబ్బందిపడ్డాడు.

"నీ కోసం కాదమ్మా. మా పిల్ల అక్కడే నిలబడింది కదా. నలుగురిలో దాని పేరు వస్తే, నాన్న కన్ను తీసిన పిల్ల అంటారు. అది తట్టుకోలేదు."

మూడేళ్లు నేను కృతజ్ఞతతో తలుచుకున్న ఆ మేలు నా కోసం చేసింది కాదు.

పేరు రాకపోయినా నాంచారమ్మ తట్టుకోలేకపోయింది. తన చేత్తో తిప్పినందుకే కన్ను పోయిందని మూడేళ్లుగా కుమిలిపోతోందట. తండ్రికి అన్నం కలిపి పెట్టేటప్పుడల్లా ఏడుస్తుందట. "మీరు వెళ్లాక ఆసుపత్రి వాళ్లు నన్ను మళ్లీ తిప్పారు" అని వీరాస్వామి చెబితే, "నన్ను ఓదార్చడానికి అల్లి చెబుతున్నావు" అంటుందట. నేను ఆ రోజు వాళ్లను ముందు బయటికి పంపి, తర్వాత తిప్పించాను. రెండోసారి ఒకటి జరిగిందని ఆవిడకి చెప్పాల్సిన దాన్ని నేనే. నేను నోరు మూసుకున్న ఆ మూడేళ్లూ ఆ బరువంతా ఆవిడ ఒక్కతే మోసింది. ఈ సంగతి నాకు ఆ పాకలో కూర్చునేదాకా ఒక్కసారి కూడా తట్టలేదు. నా తప్పు గురించి అంత ఏడ్చాను గానీ, ఆవిడ గురించి ఒక్కనాడూ అనుకోలేదు.

"ఇప్పుడది అన్నం తీసుకొస్తది. నువ్వు చెప్పమ్మా. రెండోసారి తిప్పినప్పుడే పోయిందని చెప్పు" అన్నాడు.

అలాగే జరిగిందా తాతా అని అడిగాను.

"ఎప్పుడు పోయిందో నాకేం తెలుసు. నొప్పి మర్నాడు కదా వచ్చింది. నువ్వు ఆసుపత్రి మనిషివి, నువ్వు చెబితే నమ్ముద్ది."

నాంచారమ్మ గిన్నె మీద గుడ్డ కప్పుకుని గట్టు దిగి వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టి, ముందు భయపడింది. అలవాటు కొద్దీ దణ్ణం పెట్టబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"నాంచారమ్మా, మీరు తిప్పినప్పుడు కన్ను పోలేదు. మిమ్మల్ని పంపించేశాక నేను మళ్లీ తిప్పించాను. మీ నాన్న వద్దంటున్నా తిప్పించాను. అప్పుడు పోయింది."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తండ్రి మొహంలోకి చూసింది. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ అని అడిగింది. గొంతు పెంచలేదు. ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది.

బల్లకట్టు ఒడ్డుకు ఆనింది, డాక్టరు గారు పిలుస్తున్నారు. నేను లేచి నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. నాంచారమ్మ తండ్రి ముందు కూర్చుని అన్నం కలుపుతోంది. ఏడవడం లేదు. నా వైపు చూడనూ లేదు. నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకు తెలియదు. మూడేళ్లు ఆలస్యంగా చెప్పానని మాత్రం తెలుసు.